శుక్రవారం తీసిన డబ్బు

నీటి మోటార్లు తయారుచేసే ఆ కంపెనీలో ఆమెను అందరూ ఖజానా మేడం అనేవారు. అసలు హోదా పేరు చాలా పొడుగు. విజిటింగ్ కార్డు మీద రెండు వరుసలు ఆక్రమించేది కానీ నోరు తిరిగేది కాదు. పని ఏమిటని అడిగినవాళ్లకు ఆమె ఓపిగ్గానే చెప్పేది. డబ్బు తెచ్చేది అమ్మకాలవాళ్లు, ఖర్చుపెట్టేది మిగతా అందరూ. ఆ రెంటి మధ్యా అది ఎక్కడ ఉండాలి, అవసరానికి ఎలా చేతికందాలి అన్నది చూసుకోవడం తన పని. వినేవాళ్లు తలూపి, "అంటే అకౌంట్లే కదా" అనేవారు. ఆమె నవ్వి ఊరుకునేది.

పొద్దున ఆఫీసుకు రాగానే బ్యాగు కూడా దించకుండా ఏ బ్యాంకులో ఎంత నిల్వ ఉందో చూసుకునేది. డీలర్ల నుంచి ఇవాళ రావలసింది ఎంత, రాగితీగ సరఫరాదారుకు పోవలసింది ఎంత, జీతాల రోజుకు ఎంత పక్కన ఉండాలి అని లెక్క చూసి, మిగిలినదాన్ని కొద్దివారాల డిపాజిట్లలో సర్దేది. ఏ బ్యాంకులోనైనా ఇంతకుమించి పెట్టకూడదని బోర్డు ఒక హద్దు గీసింది. ఆ హద్దు రాసింది ఆమే. తన కింద పనిచేసేవాళ్లకు ఆమె నేర్పే మొదటి పాఠం కూడా అదే. ముందు భద్రత, తర్వాత అందుబాటు, వడ్డీ సంగతి ఆ తర్వాతే.

ఆమెకు ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. తల్లి అప్పటికే లేదు. పెంచింది బాబాయి, పిన్ని. బాబాయి సిటీ బస్సు డ్రైవరు. పిల్లలు లేకపోవడంతో ఆ ప్రేమంతా ఈమె మీదే కుమ్మరించారు. డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే బడికి వచ్చి, నోటుపుస్తకాలకు అట్టలు వేసి వెళ్లిన మనిషి. ఆమె చదువు పూర్తయ్యాక ఇద్దరి స్థానాలూ తారుమారయ్యాయి. సెల్‌ఫోన్ ఏది కొనాలన్నా, కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా, ఇంటి పన్ను కాగితం అర్థం కాకపోయినా బాబాయి ఆమెకే ఫోన్ చేసేవాడు. ఆమె చెప్పిందే వేదం. "మా అమ్మాయి కంపెనీ డబ్బంతా చూస్తుంది, నా నాలుగు డబ్బులు చూడలేదా" అని డిపోలో స్నేహితుల దగ్గర ఛాతీ విరుచుకునేవాడు.

రిటైరయ్యాక వచ్చిన మొత్తాన్ని ఆయన వీధి చివరనున్న బ్యాంకులో వేశాడు. అది మరీ పెద్ద బ్యాంకు కాదు. అద్దాల తలుపులు, పలకరించి కుర్చీ చూపించే సిబ్బంది, మిగతావాళ్లకంటే కాస్త ఎక్కువ వడ్డీ. ఆ బ్యాంకునే ఎందుకు ఎంచుకున్నాడంటే ఆమె కంపెనీకి అందులో పెద్ద ఖాతా ఉంది. కోట్లు పెట్టినవాళ్లకు లేని భయం తనకెందుకు అన్నది ఆయన ధీమా. ఆ డబ్బుతో నేర్చుకునేవాళ్లకొకటి, నేర్పేవాళ్లకొకటి రెండు బ్రేకులున్న కారు కొని, డ్రైవింగ్ స్కూలు పెట్టాలన్నది ఎన్నాళ్లనుంచో ఆయన కోరిక. ముఖ్యంగా ఆడవాళ్లకు నేర్పాలట. బస్సులో వాళ్లు నిలబడి పడ్డ పాట్లు ఇన్నేళ్లు అద్దంలో చూశానని, ఇక స్టీరింగు వాళ్ల చేతికిస్తానని అనేవాడు. పిన్ని మాత్రం, ముందు నాకు నేర్పి చూడు, ఎంతమంది బతికి బట్టకడతారో తెలుస్తుంది అనేది.

ఆ బ్యాంకు మీద ఖజానా మేడానికి అనుమానం ఒక్కసారిగా రాలేదు. ఊళ్లో ఏ బ్యాంకూ ఇవ్వనంత వడ్డీ ఇస్తామని వాళ్లు తమంతట తామే ఫోన్ చేయడం మొదలుపెట్టారు. డబ్బు పుష్కలంగా ఉన్న బ్యాంకు అంతలా వెంటపడదు. తర్వాత, ఏళ్ల తరబడి ఉన్న ఆడిటరు ఏడాది మధ్యలో తప్పుకున్నాడు. మూడునెలలకోసారి అందరికీ తెలిసేలా ప్రకటించే లెక్కల్లో, తిరిగిరాని అప్పుల వాటా పెరిగింది. బ్యాంకు మన డబ్బును పెట్టెలో దాచదు, అప్పులిస్తుంది. ఆ అప్పులు మునిగితే మొదట కరిగేది యజమానుల సొంత పెట్టుబడి. మన డబ్బుకు అడ్డుగోడ అదే, అది ఎంత మందంగా ఉండాలో బ్యాంకుల మీద నిఘా ఉంచే నియంత్రణ సంస్థ నిర్ణయిస్తుంది. ఆ లెక్కల ప్రకారం గోడ బాగా పలచబడింది. చివరగా, ఒక బుధవారం పొద్దున పంపమన్న పెద్ద మొత్తం సాయంత్రం దాకా కదల్లేదు. సర్వర్ సమస్య అన్నారు. ఆమె నమ్మలేదు.

మర్నాడు ఎండీ గదిలోకి వెళ్లి విషయం చెప్పింది. ఆయన్ను ఫ్యాక్టరీలో పెద్దాయన అంటారు. ఆయన సాంతం విని, ఉన్నదంతా తీసెయ్యమన్నాడు. గడువు తీరని డిపాజిట్ల మీద వడ్డీ పోయినా ఫరవాలేదన్నాడు. తలుపు దాకా వచ్చి, "డబ్బు మన చేతికొచ్చేదాకా ఈ మాట ఈ గది దాటకూడదమ్మా" అన్నాడు. అది సబబే. బయటికి పొక్కితే జనం ఎగబడతారు, అప్పుడు ఎవరి డబ్బూ రాదు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా కంపెనీ డబ్బు పైసాతో సహా వేరే బ్యాంకులకు చేరింది. జీతాలు భద్రం. ఆ సాయంత్రం ఆమె తన కుర్చీలో వెనక్కి వాలి, చల్లబడ్డ టీ తాగుతూ, తన పని తాను ఇంత బాగా ఎప్పుడూ చేయలేదనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం అలవాటు ప్రకారం బాబాయి ఇంటికి భోజనానికి వెళ్లింది. పిన్ని వడ్డిస్తోంది. బాబాయి ఉత్సాహంగా ఉన్నాడు. బ్యాంకులో కుర్రాడు ఇంటికొచ్చి మరీ చెప్పాడట, ఉన్నదంతా రెండేళ్లకు వేస్తే ఇంకో అరశాతం ఎక్కువ ఇస్తారట. కారుకు బయానా మాత్రం ఇచ్చి, మిగతా డబ్బు అలా వేసి, వడ్డీతో కారు వాయిదాలు కట్టుకుంటే ఎలా ఉంటుందని ఆలోచన.

"ఏమంటావు తల్లీ? వేసెయ్యమంటావా?"

అన్నం ముద్ద ఆమె నోటి దగ్గరే ఆగిపోయింది. గది దాటకూడదన్న మాట గుర్తొచ్చింది. కంపెనీ డబ్బు అప్పటికే చేతికొచ్చేసిందన్న సంగతి ఎందుకో గుర్తు రాలేదు. ముద్ద మింగి, మంచినీళ్లు తాగి, "నీ ఇష్టం బాబాయ్" అంది.

ఆమె అలా అనడం ఆయనెప్పుడూ వినలేదు. వద్దంటే వద్దనేది, సరేనంటే సరేననేది. కాదనలేదు కాబట్టి మంచిదేనని ఆయన అర్థం చేసుకున్నాడు. సోమవారం బ్యాంకు తెరవగానే వెళ్లి, కారు బయానా పోగా మిగతాదంతా వేసేశాడు.

ఆ వారం మధ్యలోనే నియంత్రణ సంస్థ బ్యాంకును తన చేతుల్లోకి తీసుకుంది. కొత్త అప్పులు ఇవ్వకూడదు, కొత్త డిపాజిట్లు తీసుకోకూడదు, ఖాతాదారులు ఎంత దాచుకున్నా సరే నెలకు ఇంటిఖర్చుకు సరిపోయేంత మాత్రమే తీసుకోవాలి. అద్దాల తలుపులకు నోటీసు అంటించారు. ఆమె ఆఫీసు బస్సు రోజూ ఆ వీధి మీదుగానే వెళ్తుంది. తలుపు ముందు వరుసలో ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, చేతిసంచులు గుండెలకు హత్తుకున్నవాళ్లు. ఆమె మొదటిరోజు చూసింది. రెండోరోజు నుంచి అటు కిటికీ పక్కన కూర్చోవడం మానేసింది.

ఆఫీసులో మాత్రం ఆమెను నెత్తిన పెట్టుకున్నారు. బోర్డు సమావేశంలో పెద్దాయన స్వయంగా లేచి, ఈవిడ కళ్లు తెరుచుకుని ఉండబట్టి మనం బతికిపోయాం అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బోనస్ ప్రకటించారు. క్యాంటీన్లో మోటార్లు బిగించే ఫిట్టరొకాయన లేచొచ్చి, మీ చలవవల్ల మా జీతాలు పడ్డాయి మేడం అన్నాడు. ఆ మాటకు పొంగిపోవలసిన మనిషి, తలవంచుకుని తన పళ్లెం వైపు తిరిగింది. చేసిన పని తప్పు కాదు. అది చేయకపోతేనే తప్పు. అయినా పళ్లెం తీసుకుని జనం లేని మూలకు వెళ్లి కూర్చుంది.

బాబాయి మాత్రం ఆమెను ఓదార్చడానికి ఫోన్ చేశాడు. మీ కంపెనీకి ఎంత దెబ్బ తగిలిందో ఏమో, నీ మీదికి రాలేదు కదా అని అడిగాడు. రాలేదు బాబాయ్ అంది. నిజమే చెప్పింది. ఫోన్ పెట్టేశాక తన మొహం తనకే చూపించుకోలేక అద్దమున్న వైపు నుంచి లేచిపోయింది.

కొన్నాళ్లకు ఖాతాదారుల సమావేశం పెట్టారు. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే హాలు, వరసలుగా ప్లాస్టిక్ కుర్చీలు, తిరిగీ తిరగని ఫ్యాన్లు. అధికారుల భాష తనకు అర్థం కాదని, తోడు రమ్మని బాబాయి పిలిచాడు. తప్పించుకోవడానికి ఆమె రెండు సాకులు వెతుక్కుంది. రెండూ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. వెళ్లింది.

నియంత్రణ సంస్థ పంపిన అధికారి మెత్తగా మాట్లాడే పెద్దమనిషి. ఒకే బిల్డరు సంస్థకు, దాని అనుబంధ సంస్థలకు, ఉండవలసిన హద్దు దాటి బ్యాంకు అప్పులిచ్చిందని, అవి మునిగినా మునగనట్టు చూపించిందని చెప్పాడు. డిపాజిట్లకు బీమా ఉంది, ఒక్కో మనిషికి ఒక బ్యాంకులో ఇంతవరకని పరిమితి ఉంది, అంతవరకు తొందరగానే వస్తుంది, ఆపైన ఉన్నది ఎప్పుడొస్తుందో ఎంతొస్తుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు. బాబాయి మెల్లగా ఆమె వైపు వంగి, మనది ఆపైన ఎంత ఉంటుందని అడిగాడు. సగానికంటే ఎక్కువే అని ఆమె చెప్పింది. ఆయన తలూపి, మళ్లీ అధికారి వైపు తిరిగాడు.

ముందు వరుసలోంచి ఒక టీచరమ్మ లేచింది. కళ్లజోడు చేత్తో పట్టుకుని, మాలాంటివాళ్లకు ముందుగా తెలిసే దారే లేదా అని అడిగింది. ఉందమ్మా అన్నాడు అధికారి. లెక్కలు మూడునెలలకోసారి ప్రకటిస్తారు, బీమా పరిమితి ప్రతి బ్రాంచి గోడ మీదా రాసి ఉంటుంది, అదే డబ్బును రెండు మూడు బ్యాంకుల్లో సర్దుకుని ఉంటే మీలో చాలామందికి ఈ బాధ ఉండేది కాదు అన్నాడు.

ఖజానా మేడం కుర్చీలోనే కుంచించుకుపోయింది. ఇన్నాళ్లూ తన మనసుకు తాను చెప్పుకున్న సాకు ఒక్కటే. అది కంపెనీ రహస్యం, చెప్పే హక్కు నాకు లేదు. కానీ అంతా ఒకేచోట పెట్టకు బాబాయ్, బీమా ఉన్నంతవరకే ఉంచి మిగతాది వేరేచోట వెయ్యి అని అంటే ఏ రహస్యం బయటపడేది? అది గోడ మీద రాసి ఉన్న మాట. తన దగ్గర చేరిన కుర్రవాళ్లకు మొదటిరోజు నేర్పే పాఠం. ఇంట్లో, తనను పెంచిన మనిషి ఎదుట, ఆ పాటి మాట నోరు దాటి రాలేదు.

అంతలో వెనకనుంచి ఎవరో గట్టిగా అడిగారు. శుక్రవారం ఎవరో పెద్దవాళ్లు కోట్లకు కోట్లు లాగేసుకున్నారట, అందుకే మన గతి ఇలా అయిందట, వాళ్లెవరో చెప్పండి. హాలంతా గోలగోలగా మారింది. ఖాతాదారుల పేర్లు చెప్పడానికి వీల్లేదని, ఆ డబ్బు ఉన్నా బ్యాంకు నిలబడేది కాదని అధికారి అంటున్నా వినేవాళ్లు లేరు.

అప్పుడు బాబాయి లేచాడు. నలభైమందికి బస్సులో సర్దిచెప్పిన గొంతు అది, తేలిగ్గానే హాలంతా వినిపించింది.

"అందరినీ అనుమానించకండయ్యా. పెద్దవాళ్లు కూడా మనతోపాటే మునిగారు. మా అమ్మాయి మోటార్ల కంపెనీలో డబ్బు వ్యవహారం చూస్తుంది. వాళ్ల కంపెనీ డబ్బూ ఇక్కడే ఇరుక్కుంది. అయినా చూడండి, నాకోసం వచ్చి కూర్చుంది."

జనం తలలు ఆమె వైపు తిరిగాయి. కొందరి కళ్లల్లో జాలి కనిపించింది. ఆ జాలిని ఆమె భరించలేకపోయింది. లేచి నిలబడింది.

"మా కంపెనీ డబ్బు ఇక్కడ లేదండీ. ఆ శుక్రవారం తీసింది మేమే. తీసింది నేనే."

తిట్లు వస్తాయనుకుంది. అన్నీ ఒక్కసారే వచ్చాయి. ఎవరో కుర్చీ తన్నారు. అధికారి మైకులో కూర్చోమని బతిమాలుతున్నాడు. ఆమెకు అవేవీ సరిగ్గా వినపడలేదు. బాబాయి మాత్రం మెల్లగా కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ముందున్న కుర్చీ వీపు వైపు చూస్తూ ఉండిపోయాడు. బస్సు చెడి రోడ్డు మధ్యలో ఆగినప్పుడు ఆయన అలాగే కూర్చునేవాడు.

ఇద్దరూ నడిచే ఇంటికి బయల్దేరారు. చెప్పుల దుకాణం దాటాక బాబాయి అడిగాడు.

"ఆ ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

"చెబితే ఉద్యోగం పోయేదా?"

అవునని ఉంటే ఆయన నమ్మేవాడు. అక్కడితో క్షమించేసేవాడు కూడా.

"పోయేది కాదు బాబాయ్. బ్యాంకు గురించి ఏం చెప్పక్కర్లేదు. రెండుచోట్ల పెట్టుకో అంటే సరిపోయేది."

"మరెందుకు అనలేదు?"

"నాకూ సరిగ్గా తెలీదు. పెద్దాయన నన్ను నమ్మి అంత పని అప్పజెప్పాడు, నేను చేసి చూపించాను. అది తలకెక్కింది. మీ ఇంటికొచ్చాక కూడా దిగలేదు."

ఆయన చొక్కా జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "బ్రేకు సరిగా పడట్లేదని తెలిసిన బండిని నేనెప్పుడూ ఇంకో డ్రైవరుకు చెప్పకుండా అప్పగించలేదమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. తల్లీ అనకుండా అమ్మా అన్నాడు, అంతే. ఆమెకు అక్కడికక్కడే భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

తర్వాత జరగవలసినవి జరిగాయి. కంపెనీ విషయం నలుగురిలో బయటపెట్టినందుకు పెద్దాయన పిలిచి మందలించాడు. ఉద్యోగం తీసేస్తాడనుకుంది, తీయలేదు. తీసేస్తే బాగుండునని ఒకటి రెండుసార్లు అనుకుంది కూడా. రాజీనామా రాయడానికి కూర్చుని, రాస్తే ఎవరికి మేలని తనను తాను ప్రశ్నించుకుని మానేసింది. బోనస్ డబ్బు బాబాయికి ఇవ్వబోయింది. ఆయన చేత్తో కూడా ముట్టుకోలేదు. అది ఆ బ్యాంకులోంచి వచ్చిందే కదా అన్నాడు. ఎక్కడ సర్దాలో తెలియక, కోట్లు సర్దే మనిషి ఆ కాస్త మొత్తాన్ని వడ్డీ కూడా రాని ఖాతాలో అలాగే వదిలేసింది. పిన్ని రెండు నెలలు మాట్లాడలేదు. మూడో నెల ఫోన్ చేసి, ఆదివారం రావడం లేదేం, నీ కంచం అటకెక్కించెయ్యనా అని కసిరింది. ఆమె వెళ్లింది. తలవంచుకుని తిని వచ్చింది.

కారు బయానా పోయింది. బాబాయి ఒక బడి బస్సు నడపడానికి కుదిరాడు. ఆ వయసులో తెల్లవారకముందే లేచి, పసిపిల్లల సంచులు పైకి అందుకునేవాడు. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆమె ఆఫీసు బస్సు పక్కనే ఆయన బస్సు వచ్చి ఆగింది. ఆయన చూసి చెయ్యి ఊపాడు. ఆమె ఊపింది. పచ్చలైటు పడేదాకా ఆ చెయ్యి దించాలో ఉంచాలో ఆమెకు తోచలేదు.

ఏడాది దాటాక ఆ బ్యాంకును ఒక పెద్ద బ్యాంకులో కలిపేశారు. బీమా డబ్బు అంతకుముందే వచ్చింది. మిగతాది వాయిదాల్లో వస్తుందన్నారు. వచ్చినదాన్ని బాబాయి మూడు బ్యాంకుల్లో సర్దాడు. ఏవి మంచివో బడిలో గుమస్తాను అడిగి తెలుసుకున్నాడట. ఆ సంగతి పిన్ని మాటల మధ్య చెప్పింది. మంచిపని చేశాడు అంది ఆమె, అంతకుమించి అనలేకపోయింది. ఆయన ఇప్పుడు ఆమెను దేని గురించీ అడగడు. కరెంటు బిల్లు గురించి కూడా. ఆరోగ్యం ఎలా ఉంది, పని ఎక్కువగా ఉందా అని మాత్రం అడుగుతాడు. బయటివాళ్లు చూస్తే ఏ తేడా కనిపించదు. సెకండ్‌హ్యాండ్ కారు ఒకటి కొని, సాయంత్రాలు డ్రైవింగ్ నేర్పుతున్నాడని కూడా ఆమెకు వీధిలోవాళ్ల ద్వారానే తెలిసింది.

ఆఫీసులో ఆమె ఒక అలవాటు చేసుకుంది. జీతాలు పడిన మర్నాడు క్యాంటీన్లో కాసేపు నిలబడి, ఒకే బ్యాంకులో అంతా పెట్టకండి, బీమా ఎంతవరకో చూసుకోండి, ఎవరైనా అందరికంటే ఎక్కువ వడ్డీ ఇస్తుంటే ఎందుకిస్తున్నాడో అడగండి అని చెబుతుంది. వినేవాళ్లు వింటారు, తినేవాళ్లు తింటారు. ఎవరైనా థాంక్స్ మేడం అంటే మాత్రం గబగబా అక్కణ్ణుంచి వెళ్లిపోతుంది.

మొన్నామధ్య సిటీ బస్సులో ఒకావిడ పక్క సీట్లో కూర్చుంది. కాసేపు ఎగాదిగా చూసి, ఆ రోజు హాల్లో లేచింది మీరే కదూ అంది. కళ్లజోడు చూసి ఖజానా మేడం గుర్తుపట్టింది, ఆ టీచరమ్మ. నేనేనండీ అంది.

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. చెప్పారు, అది నాకు తెలుసు. అయినా మీ మీద నాకు కోపం పోలేదు" అంది టీచరమ్మ.

"పోనక్కర్లేదండీ" అంది ఖజానా మేడం.

టీచరమ్మ ఒళ్లో ఉన్న సంచిని కొంచెం తన వైపు లాక్కుని, ఆమె సర్దుకు కూర్చోవడానికి చోటిచ్చింది. బస్సు నిండుగా ఉంది. ఇద్దరూ భుజం భుజం తగులుతూ, ఎవరి స్టాపు కోసం వాళ్లు చూస్తూ కూర్చున్నారు.